వెంటిలేటర్ పెట్టాలా వద్దా అని మీ పిల్లల్ని అడిగే రోజు రాకముందే

2022 ఫిబ్రవరిలో మా నాన్నకి బ్రెయిన్‌లో బ్లీడింగ్ అయ్యి ఒక హాస్పిటల్లో జాయిన్ చేశాం. ఆరో రోజు సాయంత్రం డాక్టర్ గారు నన్ను ఐసీయూ బయటికి పిలిచి, గొంతుకి రంధ్రం చేసి ట్యూబ్ వెయ్యాలి, ఏం చేద్దామమ్మా అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. అన్నయ్య డల్లాస్‌లో ఉన్నాడు, అమ్మ కింద కుర్చీలో కూర్చుని విష్ణు సహస్రనామం చదువుకుంటోంది, బాబాయ్ ఏమో ఎంత ఖర్చయినా పర్లేదు పెట్టించు, రేపు నలుగురూ ఏమంటారు అంటున్నాడు, మేనత్త మాత్రం "వాడు ఒకళ్ళ చేత చేయించుకున్న మనిషి కాదే, ఇలా ఉంచకండే" అని ఏడుస్తోంది. కూరలో ఉప్పు దగ్గర్నుంచి పొలం అమ్మకం దాకా అన్నిటి మీదా అభిప్రాయం ఉన్న మనిషి ఆయన. 74 ఏళ్ళొచ్చినా ఈ ఒక్క విషయంలో ఆయనకి ఏం కావాలో మాలో ఎవ్వరికీ తెలీదు, ఎందుకంటే ఎవ్వరం ఎప్పుడూ అడగలేదు.

మొత్తం 19 రోజులు. అన్నయ్య వచ్చేదాకా ఉంచాం, వచ్చాక కూడా ధైర్యం చాలక ఇంకో పది రోజులు ఉంచాం, చివరికి లామా కాగితం మీద, అంటే డాక్టర్ వద్దన్నా మేమే తీసుకెళ్తున్నాం అనే దాని మీద, నేను సంతకం పెట్టి అంబులెన్స్‌లో చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్ నొక్కించుకుంటూ తెనాలి ఇంటికి తీసుకొచ్చాం. ఆ సంతకం చేసిన చెయ్యి నాదే కాబట్టి చాలా రోజులు నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఏడాదికి అమ్మే ఒకరోజు, "నా విషయంలో నిన్ను అలా నిలబెట్టను, ఏదో కాగితం ఉంటుందట కదా, చూడు" అంది. అలా మొదలుపెట్టి మేము చేసిందంతా ఇక్కడ రాస్తున్నా, మీ ఇంట్లో కూడా చేసుకోవాలనే రాస్తున్నా.

ముందు ఆ కాగితం ఏంటో. దాన్ని లివింగ్ విల్ అంటారు, కోర్టు భాషలో అడ్వాన్స్ మెడికల్ డైరెక్టివ్. విల్ అనగానే అందరూ ఆస్తి వీలునామా అనుకుంటారు, దీనికీ ఆస్తికీ సంబంధం లేదు. వీలునామా మనం పోయాక పనిచేస్తుంది, ఇది మనం బతికుండగానే, కానీ మన మాట మనం చెప్పుకోలేని స్థితిలో ఉన్నప్పుడు పనిచేస్తుంది. మన దేశంలో దీనికి వేరే చట్టమంటూ లేదు, సుప్రీంకోర్టు తీర్పే ఆధారం. ముంబై కేఈఎం హాస్పిటల్లో నర్సుగా పనిచేసిన అరుణా శాన్‌బాగ్ 1973లో దాడికి గురై 2015లో చనిపోయేదాకా 40 ఏళ్ళకి పైగా మంచం మీదే ఉంది కదా, ఆమె కేసులో 2011లో కోర్టు మొదటిసారి ఇలా ట్రీట్‌మెంట్ ఆపడం గురించి గట్టిగా మాట్లాడింది. తర్వాత కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో 2018 మార్చి 9న ఐదుగురు జడ్జిల బెంచ్, గౌరవంగా చనిపోవడం కూడా ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమే అని చెప్పి లివింగ్ విల్‌ని ఒప్పుకుంది. కాకపోతే అప్పుడు పెట్టిన రూల్స్ ప్రకారం మెజిస్ట్రేట్ సంతకం కావాలి, దాంతో ఎవరూ ఆ జోలికి పోలేదు. 2023 జనవరి 24న మళ్ళీ కోర్టే దాన్ని సులువు చేసింది, ఇప్పుడు నోటరీ దగ్గర గానీ గెజిటెడ్ ఆఫీసర్ దగ్గర గానీ చేయిస్తే చాలు.

ఒక భయం ముందే తీసేస్తా, ఎందుకంటే మా అమ్మ కూడా ఇదే అడిగింది. ఇది రాస్తే రేపు గుండె నొప్పి వచ్చినా డాక్టర్లు పట్టించుకోరేమో అని. అలా కాదు. కోలుకునే ఆశ లేని జబ్బు ముదిరిపోయి, చాలా రోజుల నుంచి ట్రీట్‌మెంట్ నడుస్తూ, నిర్ణయం తీసుకునే తెలివి కూడా మనకి లేనప్పుడే ఈ కాగితం బయటికొస్తుంది. యాక్సిడెంట్ అయితే 108 వస్తుంది, ఐసీయూలో పెడతారు, చేయాల్సిందంతా చేస్తారు. ఇంజెక్షన్ ఇచ్చి చంపెయ్యడం మన దేశంలో నేరం, అలాంటిది ఇందులో రాయనూ కూడదు, రాసినా చెల్లదు. ప్రాణం తీయమని కాదు మనం అడిగేది, పోతున్న ప్రాణాన్ని మెషీన్లతో కట్టేసి ఉంచొద్దని.

ఇక అసలు పని, మాట్లాడటం. కాగితం ఒక్క పూటలో అయిపోతుంది, మాటకే నెలలు పట్టింది మాకు. మన ఇళ్ళల్లో చావు మాటెత్తితే "అపశకునం మాటలు మాట్లాడకు, పైన తథాస్తు దేవతలుంటారు" అంటారు. అందుకని నేరుగా "అమ్మా నువ్వు పోయేటప్పుడు" అని మొదలుపెడితే ఎవరూ వినరు. తెలిసినవాళ్ళ కథతో మొదలుపెట్టండి, ప్రతి వీధిలో ఒకరుంటారు, మూడు నెలలు రైల్స్ ట్యూబుతో ముక్కులోంచి పాలు పోయించుకుని పోయిన పెద్దాయన ఒకరు, "ఆయనకి అలా చేశారు కదా, నీకైతే ఎలా ఉండాలమ్మా" అని అడగండి. హాస్పిటల్లో ఉన్నప్పుడు అడగొద్దు, జ్వరంతో పడుకున్నప్పుడు అడగొద్దు, మనిషి మామూలుగా నవ్వుతూ తిరుగుతున్నప్పుడు అడగాలి. మేము సంక్రాంతికి అందరూ వచ్చినప్పుడు కనుమ మర్నాడు కూర్చున్నాం, అన్నయ్య ఆ ఏడు అక్కడే ఉండిపోవడంతో వీడియో కాల్‌లో ఉన్నాడు. పిల్లలందరూ ఒకేసారి, ఒకే మాట, ఆ మనిషి నోటి నుంచే వినడం చాలా ముఖ్యం, లేకపోతే రేపు హాస్పిటల్లో నాతో ఇలా అన్నది, కాదు నాతో అలా అన్నది అని గొడవ.

వెంటిలేటర్ కావాలా, డయాలిసిస్ కావాలా అని అడిగితే పెద్దవాళ్ళకి ఏం అర్థమవుతుంది. ముందు, ఎలా ఉంటే బతికున్నట్టు నీకు అని అడగండి. నేను ఏమనుకున్నానంటే అమ్మ మంచాన పడటమంటేనే భయపడుతుంది, ఒకరితో ఒళ్ళు తుడిపించుకోవడం కన్నా పోవడమే నయం అంటుంది అని. ఆవిడ ఏమందో తెలుసా, "మంచంలో ఉంటే ఉంటాను, మీరే చేస్తారు, నేను మీకు చెయ్యలేదా. కానీ మీరొచ్చి పక్కన కూర్చుంటే మీరొచ్చారని నాకు తెలియాలి. అది తెలీని రోజు ఇంక నన్ను ఆపొద్దు." నేను నా మనసులోదే రాసి ఉంటే పూర్తిగా తప్పు రాసేదాన్ని. అందుకే ఊహించుకోవద్దు, అడగండి.

ఆ తర్వాత ఒక్కోటీ విడమర్చి చెప్పాలి. గుండె ఆగితే ఛాతీ మీద గట్టిగా నొక్కుతారు, దాన్ని సీపీఆర్ అంటారు, పెద్ద వయసులో పక్కటెముకలు విరగొచ్చు. వెంటిలేటర్ అంటే గొంతులో ట్యూబ్ వేసి మెషీన్‌తో ఊపిరి, మాట్లాడలేరు, చాలామందిని మత్తులో ఉంచుతారు. ఎక్కువ రోజులైతే గొంతుకి రంధ్రం. మింగలేకపోతే ముక్కులోంచి ట్యూబ్. కిడ్నీలు ఆగితే డయాలిసిస్. ఇవేవీ చెడ్డవి కావు, కోలుకునే మనిషికి ఇవే ప్రాణం పోస్తాయి, కోలుకోని మనిషికే ఇవి శిక్ష అవుతాయి. మీ ఫ్యామిలీ డాక్టర్ ఉంటే ఒక గంట ఆయన దగ్గర కూర్చోండి, అమ్మకున్న బీపీ, షుగర్, గుండె చూసి రాబోయే రోజుల్లో ఏది వచ్చే అవకాశం ఎక్కువో ఆయన చెప్తే మాట్లాడటం తేలికవుతుంది. అన్నిటికీ వద్దు అని రాయక్కర్లేదు కూడా, "కొన్ని రోజులు పెట్టి చూడండి, మెరుగు లేదని డాక్టర్లు తేల్చాక తీసేయండి" అని రాయించుకోవచ్చు, నా ఉద్దేశంలో ఎక్కువమందికి సరిపోయేది ఇదే.

తర్వాత, మన తరఫున మాట్లాడే మనిషి ఎవరు. ఇది నా దృష్టిలో కాగితం మొత్తంలో అన్నిటికన్నా బరువైన లైను. తీర్పు ప్రకారం గార్డియన్ గానీ దగ్గరి బంధువు గానీ పేరు రాయాలి, ఒకరి కన్నా ఎక్కువమంది పేర్లు రాయొచ్చు. మన దగ్గర పెద్ద కొడుకు అని రాసేస్తారు, ఆలోచించకుండా. పెద్ద కొడుకు అమెరికాలో ఉంటే అర్ధరాత్రి ఫోన్ ఎత్తుతాడా, వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుంటే రాగలడా. నాన్న విషయంలో మేము వెంటిలేటర్ మీద ఉంచిన మొదటి తొమ్మిది రోజుల్లో సగం, అన్నయ్య ఫ్లైట్ కోసమే ఉంచాం, వాడికి ఆఖరి చూపు దక్కాలని, కానీ నాన్న ఒంటి నిండా వాపు వచ్చేసింది ఆ రోజుల్లో, వాడు వచ్చి చూసింది ఆ ముఖాన్నే. ఎన్నారై పిల్లలు ఇది చదువుతుంటే కొంచెం మనసులో పెట్టుకోండి, మీరొచ్చేదాకా ఉంచమని అడిగేముందు ఆ మనిషికి ఏమవుతోందో డాక్టర్‌ని మీరే అడగండి. పేరు రాసేటప్పుడు చూడాల్సింది ప్రేమ ఎవరికి ఎక్కువ అని కాదు, ప్రేమ అందరికీ ఉంటుంది, డాక్టర్ ముందు కూర్చుని నాలుగు ప్రశ్నలు అడగగలిగేది ఎవరు, బంధువులు చుట్టూ చేరి "డబ్బు కోసం చూసుకుంటున్నారా" అన్నప్పుడు "ఇది ఆవిడ మాట" అని నిలబడేది ఎవరు అని చూడాలి. రాసే ముందు ఆ మనిషిని అడిగి ఒప్పించండి.

రాయడం. తెల్ల కాగితం మీద మామూలు తెలుగులో రాసుకోవచ్చు, కాకపోతే బెంగళూరులోనో చెన్నైలోనో హాస్పిటల్లో చేరాల్సి వస్తే అక్కడి డాక్టర్లకి తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషు కాపీ కూడా ఒకటి చేసి రెండిటి మీదా సంతకం పెట్టించండి. 18 ఏళ్ళు నిండి, సొంత బుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్నట్టు ఉండాలి, ఏ పరిస్థితిలో ఏ ట్రీట్‌మెంట్ ఆపాలో అనుమానం లేకుండా ఉండాలి, దాని ఫలితం ఏంటో తెలిసే రాస్తున్నానని ఉండాలి, ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చని నాకు తెలుసు అని ఉండాలి, మాట్లాడే మనిషి పేరు ఉండాలి. మా అమ్మది ఇలా మొదలవుతుంది, కావాలంటే ఇలాగే వాడుకోండి:

"నేను పూర్తి తెలివితో, నా ఇష్టంతో ఇది రాస్తున్నాను. నాకు నయంకాని జబ్బు వచ్చి, కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చి, నా వాళ్ళని నేను గుర్తుపట్టలేని, నా మాట నేను చెప్పలేని స్థితిలో ఉంటే, నా ప్రాణాన్ని పొడిగించడానికి మాత్రమే చేసే వెంటిలేటర్, డయాలిసిస్, సీపీఆర్ నాకు వద్దు, అప్పటికే పెట్టి ఉంటే తీసేయండి. నొప్పి, ఆయాసం తెలియకుండా చేసే మందులు మాత్రం చివరిదాకా ఇవ్వండి. వీలైతే నన్ను మా ఇంటికి తీసుకెళ్ళండి. దీనివల్ల ఏమవుతుందో నాకు తెలుసు. నేను ఎప్పుడైనా దీన్ని రాతపూర్వకంగా రద్దు చేసుకోగలను. నా తరఫున ఒప్పుకోలు ఇచ్చేది ఫలానా వాళ్ళు."

నొప్పి మందుల వాక్యం మర్చిపోవద్దు. ట్రీట్‌మెంట్ వద్దు అన్నారు కదా అని మనిషిని వదిలేసే ప్రమాదం ఉంది, ఆ ఒక్క వాక్యం దాన్ని ఆపుతుంది.

సంతకానికి ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్ళు ఇంటికి సంబంధం లేనివాళ్ళయితే మంచిది, ఆస్తిలో వాటా వచ్చే వాళ్ళని అస్సలు పెట్టకండి, రేపు వేలెత్తి చూపడానికి అదొక్కటి చాలు. మాకు అమ్మతో పాటు స్కూల్లో పనిచేసి రిటైరైన టీచర్ గారు ఒకరు, ఎదురింటి వాళ్ళబ్బాయి ఒకరు పెట్టారు. అందరూ కలిసి నోటరీ దగ్గరికి వెళ్ళాలి, ఆయన ఎదురుగానే సంతకాలు. మా నోటరీ గారు వంద రూపాయల స్టాంపు పేపర్ మీద టైప్ చేయించారు, మొదట ఆయనకీ ఇదేంటో తెలీదు, నేను 2023 తీర్పు ప్రింట్ తీసుకెళ్ళబట్టి సరిపోయింది. మీరూ తీసుకెళ్ళండి. నోటరీ దొరక్కపోతే ఎమ్మార్వో గారో, గవర్నమెంట్ హాస్పిటల్ డాక్టర్ గారో, ఎవరో ఒక గెజిటెడ్ ఆఫీసర్ చాలు.

కాపీలు ఎవరెవరికి ఇవ్వాలంటే, పేరు రాసిన వాళ్ళందరికీ ఒక్కోటి, ఫ్యామిలీ డాక్టర్‌కి ఒకటి, ఇంకోటి మీ పంచాయతీ లేదా మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ ఆఫీసుకి. అక్కడ ఒక అధికారి వీటిని భద్రపరచాలని తీర్పులో ఉంది. మేము వెళ్ళిన ఆఫీసులో "ఇది వీలునామా కదమ్మా, రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళండి" అన్నారు, రెండుసార్లు తిరిగాం. చివరికి కవరింగ్ లెటర్ పెట్టి కమిషనర్ పేరు మీద తపాలు సెక్షన్‌లో ఇచ్చి, మా కాపీ మీద వాళ్ళ స్టాంపూ తేదీ వేయించుకున్నాం, వాళ్ళు తీసుకోకపోతే స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి, ఆఫీసులో తెలీలేదని మీ పని ఆపొద్దు. ఇంటి దగ్గర ఒరిజినల్‌ని బ్యాంక్ లాకర్లో మాత్రం పెట్టకండి, ఆదివారం రాత్రి లాకర్ ఎవరు తీస్తారు. మాది బీరువా పైన నీలం రంగు ఫైల్లో, హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు, వేసుకునే మందుల లిస్టు, పాత స్కానింగులతో పాటే ఉంది, అందరి ఫోన్లలోనూ ఫోటో ఉంది.

రేపు అవసరం వస్తే హాస్పిటల్లో ఏం జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి, లేకపోతే కాగితం చూపించగానే మెషీన్ ఆపేస్తారనుకుంటాం. ముందు ట్రీట్‌మెంట్ చేస్తున్న డాక్టరూ, కనీసం ఐదేళ్ళ అనుభవమున్న ఇద్దరు స్పెషలిస్టులూ కలిసి ఒక బోర్డుగా చూస్తారు, దాన్ని ప్రైమరీ బోర్డు అంటారు. వాళ్ళు సరే అన్నాక సెకండరీ బోర్డు, అందులో మొదటి బోర్డులో లేని ఇద్దరు స్పెషలిస్టులూ, జిల్లా వైద్యాధికారి తరఫున ఒక డాక్టరూ ఉంటారు. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో చెప్పాలి. పేరు రాసిన మనిషి ఒప్పుకోవాలి, అమలు చేసే ముందు హాస్పిటల్ వాళ్ళు మెజిస్ట్రేట్‌కి తెలియజేస్తారు, పర్మిషన్ కోసం కాదు, సమాచారం కోసం. బోర్డు కుదరదంటే హైకోర్టుకి వెళ్ళొచ్చు. అసలు కాగితమే లేని వాళ్ళకి కూడా కుటుంబం ఒప్పుకోలుతో ఈ దారి ఉంది, లామా మీద సంతకం పెట్టి దొంగల్లా ఇంటికి తెచ్చుకోవాల్సిన పని లేదు. ఇది నాకు అప్పుడు తెలిసి ఉంటే బాగుండేది. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో హాస్పిటల్స్ అన్నీ దీన్ని అమలు చెయ్యాలని ఆర్డర్ ఇచ్చింది, మన రెండు రాష్ట్రాల్లో కూడా హాస్పిటల్లో అడ్మిషన్ అప్పుడే "మీ దగ్గర బోర్డులు ఏర్పాటు చేస్తారా" అని అడిగేయండి, అడిగేవాళ్ళు పెరిగితేనే వాళ్ళూ సిద్ధమవుతారు.

అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్ళకి ఒక మాట, ఇక్కడి కాగితం అక్కడ చెల్లుతుందని కూర్చోకండి, అక్కడ ఒక్కో స్టేట్‌కి సొంత ఫారం ఉంటుంది, అది విడిగా నింపండి. డాక్టర్ మాట్లాడేటప్పుడు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే హాస్పిటల్ వాళ్ళే డబ్బులు తీసుకోకుండా ఏర్పాటు చేస్తారు, కొడుకో కోడలో మధ్యలో తర్జుమా చేస్తే సగం దాచేస్తారు, భయంతో.

ట్రీట్‌మెంట్ ఆపాక ఏంటి అనేది చాలామంది ఆలోచించరు. పాలియేటివ్ కేర్ అనేది ఉంది, నొప్పి, ఆయాసం, పుళ్ళు, భయం వీటిని చూసుకునే వైద్యం. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రలు చాలా బాగా పనిచేస్తాయి, 2014లో మత్తుమందుల చట్టం మార్చాక వాటిని ఇవ్వడం సులువైంది, అలవాటైపోతుందేమో అని చివరి దశలో ఉన్న మనిషిని నొప్పితో ఉంచకండి దయచేసి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్లో పాలియేటివ్ కేర్ ఉంది, చివరి దశలో ఉన్నవాళ్ళని చూసుకునే స్పర్శ్ హాస్పిస్‌లో డబ్బులు తీసుకోరు. ఇంట్లోనే పోవాలి అనేవాళ్ళు అది కూడా రాయాలి, ఎవరు రాత్రి పక్కన పడుకుంటారో, అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకుంటారో లేదో ముందే మాట్లాడుకోవాలి, సిటీలో ఇది నిజంగా పెద్ద సమస్య, శవాన్ని గేటు లోపలికి రానివ్వని ఇళ్ళున్నాయి. ఆఖర్న నోట్లో తులసి తీర్థం పొయ్యాలా, పాస్టర్ గారిని పిలవాలా, చెవిలో కలిమా చెప్పాలా, అది కూడా రాయించండి, ఐసీయూ తలుపు దగ్గర ఆ మాట అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. ఇంట్లో పోతే 21 రోజుల్లోపు డెత్ రిజిస్ట్రేషన్ చేయించాలి.

అవయవదానం గురించి. మన రెండు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన పథకం ఉంది, అందులో పేరు రాసుకున్నా సరే ఆ సమయానికి ఇంట్లో వాళ్ళు సంతకం పెడితేనే జరుగుతుంది, కాబట్టి కార్డు కన్నా ఇంట్లో చెప్పడమే ముఖ్యం. 2004లో హైదరాబాద్‌లో కండరాల జబ్బుతో ఉన్న కె. వెంకటేశ్ అనే అబ్బాయి తను పూర్తిగా పోకముందే అవయవాలు తీసుకోండని కోరుకుంటే, వాళ్ళమ్మ హైకోర్టుకి వెళ్ళింది, చట్టం ఒప్పుకోక కోర్టు కుదరదంది, చివరికి కళ్ళు మాత్రం ఇవ్వగలిగారు. పోయినవాళ్ళ గుండె, కిడ్నీల్లాంటివి మామూలుగా బ్రెయిన్ డెత్, అంటే గుండె కొట్టుకుంటున్నా మెదడు పూర్తిగా ఆగిపోవడం, అయితేనే తీసుకుంటారు. కళ్ళు మాత్రం ఇంట్లో పోయినా ఇవ్వొచ్చు, ఆరు గంటల్లోపు, శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళూ షుగర్ ఉన్నవాళ్ళూ ఇవ్వొచ్చు, ఐ బ్యాంక్ వాళ్ళు వచ్చేలోపు ఫ్యాన్ ఆపేసి, రెప్పలు మూసి తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టండి. మా అమ్మ కళ్ళు ఇస్తానంది, మిగతావి వద్దంది. వద్దనడం కూడా ఆవిడ ఇష్టమే, ఎవరూ ఒత్తిడి చేయలేదు.

ఈ కాగితాన్ని రెండేళ్ళకోసారైనా తీసి చదవండి. మనసు మారుతుంది, పేరు రాసిన మనిషి ఆరోగ్యం మారుతుంది. మార్చాలంటే కొత్తది రాసి మళ్ళీ సాక్షులు, మళ్ళీ నోటరీ, ఆఖరున సంతకం పెట్టిందే లెక్కలోకి వస్తుంది, పాత కాపీలు అందరి దగ్గర్నుంచీ వెనక్కి తీసుకుని చింపేయండి. మొన్న ఉగాది తర్వాత అమ్మ తనది మార్పించింది. మొదటి పేరు నాదే ఉంచింది, రెండో పేరు అన్నయ్యది తీసేయించి వదినది పెట్టించింది. అన్నయ్య ఫోన్‌లో "నా పేరెందుకు తీశావమ్మా" అని చిన్నబుచ్చుకున్నాడు. "నాన్న దగ్గర నిలబడలేక నువ్వు బయటికి వెళ్ళిపోయావురా నాన్నా, తనే లోపల నా పక్కన ఉంది. నువ్వు వచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చో, మాట్లాడే పని తను చూసుకుంటుంది" అంది.